మా కుక్క కరవదండీ!

శునకం విశ్వాసానికి మారుపేరు. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరి వరకు నడిచింది ఒక శునకమేననీ, దానిని విడిచి స్వర్గంలో అడుగు పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదనీ మహాభారతం చెబుతున్నది. ఆ కథ విని పెరిగిన మనకు, ఇంట్లో పెంచుకునే కుక్క మన పిల్లలకు హాని చేస్తుందన్న ఆలోచన రావడమే కష్టం. కాని విశ్వాసం వేరు, సహనం వేరు. యజమాని కోసం ప్రాణమివ్వగల జంతువుకు కూడా భయం ఉంటుంది, నొప్పి ఉంటుంది, నిద్రాభంగం కలిగితే కోపం వస్తుంది. ఈ చిన్న తేడాను గ్రహించని కారణంగా ఒకనాడు మా ఇంట్లోనే ఒక పసివాడి కంటికి ముప్పు తృటిలో తప్పింది. మరొక ఇంట అటువంటి సంఘటన జరగకూడదన్న తలంపుతో ఆ అనుభవాన్నీ, దాని నుండి నేర్చుకున్న పాఠాలనూ పాఠకుల ముందుంచుతున్నాను.

రైలు ఊరు - తెల్ల కుక్క

బిలాస్‌పూర్ పేరు చెప్పగానే మనకు మొదట గుర్తుకు వచ్చేది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద కూడలిగా మార్చింది. ఆ కంపెనీ రోజుల నుండి ఉత్తరాంధ్ర జిల్లాలవారు ఉద్యోగాల కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడుతూనే ఉన్నారు. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ నగరమే ప్రధాన కేంద్రమయింది. ఇన్ని మార్పుల మధ్య కూడా బుధవారీ బజారులో కూరగాయలు బేరమాడే తెలుగు మాట నేటికీ వినబడుతూనే ఉన్నది.

ముందు వరండా, వెనుక పెరడు, చుట్టూ చెట్లు గల పాతకాలపు క్వార్టర్లు కుక్కను పెంచుకోవడానికి అనువైనవి. రాత్రి డ్యూటీకి వెళ్లే ఉద్యోగి ఇంట్లో భార్యాపిల్లలకు తోడుగా ఒక కుక్క ఉండడం ఎంతో ధైర్యం. 1990వ దశకంలో ఆ స్థానాన్ని ఎక్కువగా ఆక్రమించినది ఒక తెల్లని బొచ్చుకుక్క. అందరూ దానిని పామరేనియన్ అనేవారు. నిజానికి అది ఇండియన్ స్పిట్జ్. అసలైన పామరేనియన్ రెండు మూడు కిలోల బరువు మాత్రమే ఉండే బుల్లి కుక్క. మన స్పిట్జ్ దానికి దగ్గరి బంధువే అయినా దానికంటె పెద్దది, మన వాతావరణానికి కొంత అలవాటు పడినది. విదేశీ జాతులు అంత సులభంగా దొరకని ఆ రోజులలో మధ్యతరగతి కుటుంబాలకు అందుబాటులో ఉన్న జాతి అదే. 1994లో విడుదలైన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ చిత్రంలో టఫీ అనే తెల్ల కుక్కను చూసిన తరువాత పిల్లలున్న ప్రతి ఇంట అటువంటి కుక్క కావాలన్న మారాం మొదలయింది.

మా ఇల్లు కూడా అందుకు మినహాయింపు కాలేదు. 1996లో విశాఖపట్నంలోని బంధువుల ఇంటి నుండి ఒక కూనను వెదురు బుట్టలో పెట్టుకొని, రైల్వేవారికి చెల్లించవలసిన రుసుము చెల్లించి, బిలాస్‌పూర్ తీసుకొని వచ్చాము. పేరు గురించి ఇంట్లో చర్చే జరగలేదు. టఫీ అని పిల్లలు రైలులోనే నిర్ణయించేశారు.

ఆ వేసవి మధ్యాహ్నం

1998 మే నెల. బిలాస్‌పూర్ ఎండల సంగతి ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. మధ్యాహ్నం భోజనాలు ముగించి, కూలరు వేసుకొని అందరమూ నడుము వాల్చాము. టఫీ మంచం క్రింద నిద్రపోతున్నది. పక్క క్వార్టరు మిత్రుని కుమారుడు, అయిదేళ్ల వాడు, మా పిల్లలతో ఆడుకోవడానికి వచ్చాడు. వాడు ప్రతిరోజూ వచ్చేవాడే, టఫీని ఎత్తుకొని తిరిగేవాడే. ఆ రోజు మంచం క్రిందికి దూరి, నిద్రపోతున్న కుక్క మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు పెట్టుకోబోయాడు.

ఒక్క కేక వినబడింది. లేచి చూసేసరికి పిల్లవాడి ఎడమ చెంప మీద, కంటికి అంగుళం దిగువన, చర్మం చీలి రక్తం కారుతున్నది. టఫీ గోడ మూలకు ఒదిగి వణుకుతున్నది.

తరువాతి పది నిమిషాలలో జరిగినదంతా పెద్దల అజ్ఞానానికి నిదర్శనం. ఒకరు గాయానికి కారం అద్దమన్నారు. మరొకరు సున్నం తెచ్చారు. ఇంకొకరు, “ఇంటి కుక్కే కదండీ, వీధి కుక్క కాదు కదా, ఏమీ కాదు” అన్నారు. అదృష్టవశాత్తు పొరుగు వీధిలో ఉండే ఒక నర్సు ఆ కేకలు విని వచ్చింది. కారమూ సున్నమూ పక్కన పడేసి, పిల్లవాడిని కుళాయి దగ్గరకు తీసుకువెళ్లి, సబ్బుతో గాయాన్ని కడగడం మొదలుపెట్టింది. వాడు ఎంత ఏడ్చినా పావుగంట వరకు ఆపలేదు. అటు పిమ్మట ఆసుపత్రికి పరుగెత్తాము.

డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, “కుక్కకు టీకా వేయించారా?” కూనగా ఉన్నప్పుడు వేయించాము. కాని మరుసటి సంవత్సరం వేయించవలసిన టీకా, ఇంట్లో పెళ్లి హడావుడిలో వాయిదా పడి, తరువాత మరుపున పడిపోయింది. టీకా కార్డు బీరువాలో భద్రంగానే ఉన్నది. అందులో రెండవ గడి ఖాళీగా ఉన్నది. ఆ ఖాళీ గడికి నా వద్ద సమాధానం లేదు.

పిల్లవాడి గాయం చుట్టూ సీరం ఇచ్చారు. టీకాలు మొదలుపెట్టారు. కుక్కను చంపవద్దనీ, ఎవరికీ ఇచ్చివేయవద్దనీ, కట్టివేసి పది రోజులు జాగ్రత్తగా గమనించమనీ డాక్టరు గారు చెప్పారు.

ఆ పది రోజులను నేను నేటికీ మరువలేను. ప్రతిరోజూ తెల్లవారగానే పిల్లవాడి తల్లి మా కంచె దగ్గరకు వచ్చి నిలబడేది. నిందించేది కాదు, గట్టిగా మాట్లాడేది కూడా కాదు. “అన్నయ్యగారూ, లేచాడా? నీళ్లు తాగాడా?” అని మాత్రం అడిగేది. నేను గిన్నె తెచ్చి టఫీ ముందు పెట్టేవాడిని. అది నీళ్లు తాగేవరకు ఆమె కళ్లు తిప్పేది కాదు. తాగిన తరువాత వెళ్లిపోయేది. పదకొండవ రోజు ఉదయం కూడా వచ్చింది. టఫీ తోక ఊపింది. ఆమె చేతిలోని రొట్టె ముక్కను కంచె మీదుగా దాని ముందు వేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

సిగ్నలును శిక్షించాము

“ఏ కారణమూ లేకుండా కరిచింది” అని నేను డాక్టరు గారితో చెప్పాను. అది నిజం కాదని తరువాత ఆలోచించగా తెలిసింది.

ఆ సంఘటనకు కొన్ని నెలల ముందు నుండి, నిద్రలో ఎవరైనా ముట్టుకుంటే టఫీ గుర్రుమనేది. ఇంట్లోవారి మీదనే గుర్రుమంటుందా అని నేను వార్తాపత్రిక చుట్టి దాని మూతి మీద కొట్టేవాడిని. నాలుగైదు సార్లు కొట్టిన తరువాత గుర్రుమనడం మానేసింది. కుక్కకు బుద్ధి వచ్చిందని సంతోషించాను. వాస్తవానికి దాని అయిష్టం ఎక్కడికీ పోలేదు. దానిని తెలియజేసే మార్గం మాత్రమే మూసుకుపోయింది.

రైలు ఊరిలో నివసించే మనకు ఇది సులభంగా అర్థమయ్యే విషయమే. ఎరుపు దీపం చూపినందుకు సిగ్నలు స్తంభాన్ని పడగొట్టి, ఇక దారి క్షేమమని భావించే డ్రైవరు ఎవరైనా ఉంటాడా? నేను చేసినది సరిగ్గా అదే.

“మొరిగే కుక్క కరవదు” అన్నది మన సామెత. ఈ విషయంలో సామెతను నమ్ముకోవడం ప్రమాదకరం. మొరిగే కుక్క కూడా కరవగలదు. మొరగకుండా, గుర్రుమనకుండా కుక్క ఇచ్చే హెచ్చరికలు ఇంకా అనేకం ఉన్నాయి. ముఖం పక్కకు తిప్పుకోవడం, నిద్ర లేకపోయినా ఆవులించడం, తినడానికి ఏమీ లేనప్పుడు పెదవులు నాక్కోవడం, చెవులు వెనుకకు వాల్చడం, తోకను కాళ్ల మధ్య దాచుకోవడం వంటివన్నీ పసుపు దీపాలు. శరీరం బిగుసుకుపోవడం, కనుగుడ్ల తెలుపు కనబడేలా క్రీగంట చూడడం, పెదవి ఎత్తి పళ్లు చూపడం, గుర్రుమనడం ఎరుపు దీపాలు. తోక ఊపిన ప్రతి కుక్కా స్నేహంగా ఉన్నట్లు కాదు. శరీరం బిగుసుకొని ఉండగా తోక మాత్రమే ఊగుతున్నదంటే అది ఉద్రేకానికి చిహ్నం కావచ్చు.

కుక్క గుర్రుమంటే దానిని కొట్టవద్దు. పిల్లవాడిని నెమ్మదిగా అక్కడి నుండి తప్పించండి. తరువాత అది ఎందుకు గుర్రుమన్నదో ఆలోచించండి.

చిన్న కుక్క, పెద్ద పొరపాటు

భారీ కుక్క గుర్రుమంటే ఇల్లంతా జాగ్రత్తపడుతుంది. అయిదారు కిలోల తెల్లకుక్క గుర్రుమంటే అందరమూ నవ్వుతాము. బొమ్మలా ఉంటుంది కాబట్టి బొమ్మలా వాడుకుంటాము. అడగకుండా ఎత్తుకుంటాము, చేతులు మారుస్తాము, బొచ్చు పట్టి లాగుతున్న పిల్లలను చూసి మురిసిపోతాము. దానికి క్రమశిక్షణ నేర్పవలసిన అవసరమే లేదనుకుంటాము. ప్రమాదం మొదలయ్యేది ఇక్కడే.

స్పిట్జ్ చురుకైన జాతి. చిన్న చప్పుడుకు కూడా స్పందిస్తుంది. ఇంట్లో ఒకరిద్దరికి బాగా దగ్గరై, కొత్తవారిని అంత త్వరగా నమ్మదు. దట్టమైన బొచ్చు కారణంగా వేసవిలో ఎంతో అవస్థ పడుతుంది. ఇవేవీ దుర్గుణాలు కావు. తెలుసుకొని మసలుకోవలసిన స్వభావాలు మాత్రమే.

ఇప్పుడు కాలం మారింది. స్పిట్జ్ స్థానంలో అనేక ఇళ్లలో లాబ్రడార్ కనిపిస్తున్నది. ఎంతో సౌమ్యమైనదని పేరు పొందిన జాతి అది. అయినా నిద్రలో ఉలిక్కిపడితే, చెవిపోటుతో బాధపడుతుంటే, ఎముక లాక్కోబోతే ఆ సౌమ్యమైన కుక్క కూడా కరవవచ్చు. దాని దవడ బలం స్పిట్జ్ కంటె చాలా ఎక్కువ. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 23 జాతుల కుక్కలను క్రూరమైనవిగా పేర్కొంటూ ఒక సర్క్యులరు జారీ చేసింది. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసింది. ఆ జాబితాలో లాబ్రడార్ గాని, స్పిట్జ్ గాని లేవు. జాబితాలో లేదు కాబట్టి మా కుక్క కరవదని ఎవరైనా నిశ్చింతగా ఉంటే అది పొరపాటే. చిన్న పిల్లలను కరిచే కుక్కలలో అధిక భాగం వారికి పరిచయమున్నవే. పిల్లల ఎత్తు తక్కువ కావడం వలన, ముఖాన్ని కుక్క ముఖానికి దగ్గరగా తీసుకువెళ్లడం వలన గాయాలు తరచుగా తల, ముఖం, మెడ భాగాలలోనే అవుతాయి.

కరిస్తే ఏమి చేయాలి?

రేబిస్‌ను మన పెద్దలు జలాతంకమనీ, పిచ్చికుక్క రోగమనీ పిలిచేవారు. దీని వైరస్ గాయం ద్వారా శరీరంలో ప్రవేశించి, నరాల వెంబడి మెల్లగా మెదడుకు చేరుకుంటుంది. లక్షణాలు బయటపడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కొక్కసారి వారం రోజులలోనే బయటపడవచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు. లక్షణాలు కనబడిన తరువాత మరణం దాదాపు తథ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధికి బలవుతున్నారు. అనుమానాస్పద జంతువుల కాటుకు గురయ్యేవారిలో 40 శాతం 15 సంవత్సరాల లోపు పిల్లలే. అయితే సకాలంలో చికిత్స చేయిస్తే ఈ వ్యాధి రాకుండా పూర్తిగా నివారించవచ్చు.

1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్ అనే బాలునికి తొలి టీకా ఇచ్చి కాపాడాడు. పాశ్చర్ మరణించిన సెప్టెంబరు 28వ తేదీని నేడు ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తున్నారు. మన దేశంలో కసౌలీ సంస్థలో డేవిడ్ సెంపుల్ 1911లో రూపొందించిన టీకా దశాబ్దాల పాటు వాడుకలో ఉన్నది. పెద్దలు నేటికీ భయంతో చెప్పుకునే “బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు” దాని తాలూకు జ్ఞాపకమే. 2004తో దాని తయారీ మన దేశంలో నిలిచిపోయింది. ఇప్పుడు వేసేది చేతికి ఇచ్చే సురక్షితమైన టీకా. కాబట్టి ఆ పాత భయంతో ఎవరూ ఆసుపత్రికి దూరం కానవసరం లేదు.

చేయవలసినవి ఇవి.

ఒకటి: గాయాన్ని వెంటనే ధారగా పడే నీటి క్రింద సబ్బుతో 15 నిమిషాల పాటు కడగాలి. వైరస్‌ను చాలా వరకు గాయంలోనే నశింపజేసే పని ఇది. దీనికి డాక్టరు కోసం ఎదురు చూడనవసరం లేదు. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, ఆకు పసరు వంటివేవీ గాయానికి తగలనివ్వరాదు.

రెండు: ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. చెక్కుచెదరని చర్మాన్ని కుక్క నాకినంత మాత్రాన చికిత్స అవసరం లేదు. రక్తం రాని చిన్న గీతలకు కూడా టీకా అవసరం. చర్మం చీలి రక్తం వచ్చినా, పుండు మీద గాని, పెదవుల మీద గాని, కంటిలో గాని చొంగ పడినా టీకాతో పాటు గాయం చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. ధనుర్వాతం టీకా సంగతి కూడా డాక్టరు గారే చూస్తారు. వీలైనంత వరకు గాయానికి వెంటనే కుట్లు వేయరు. అది నిర్లక్ష్యం కాదని గ్రహించాలి.

మూడు: టీకాలను మధ్యలో ఆపరాదు. కండకు ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులలోనూ, చర్మం పొరలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలోనూ వేస్తారు. మొదటి టీకా వేసిన రోజును 0గా లెక్కించాలి. ఈ తేదీలను ఇంటి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవడం మంచిది.

నాలుగు: కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి. అయితే పది రోజులు గడిచాక చూద్దామని చికిత్సను వాయిదా వేయరాదు. చికిత్స, పరిశీలన రెండూ ఒకేసారి మొదలు కావాలి. టీకా వేయించిన ఇంటి కుక్క కరిచినా డాక్టరు సలహా తప్పనిసరి.

కాటు పడకముందే

ఇంటి కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, పశువైద్యుడు చెప్పిన సమయానికి రెండవ మోతాదు, ఆపైన ఏటా ఒక టీకా వేయించాలి. ఆ తేదీ మరువకుండా ఉండడానికి నేను ఒక ఉపాయం పాటించాను. ఇంట్లో ఒకరి పుట్టినరోజు నాడే టఫీకి టీకా వేయించేవాడిని. అటు తరువాత కార్డులో గడి ఎన్నడూ ఖాళీగా లేదు.

కూనగా ఉన్నప్పుడే, ముఖ్యంగా మూడు నెలలు నిండే లోపల, కుక్కను పిల్లలకు, పెద్దలకు, అతిథులకు, రకరకాల చప్పుళ్లకు మెల్లమెల్లగా అలవాటు చేయాలి. రోజంతా గొలుసుతో కట్టి ఉంచితే కుక్క చిరాకు స్వభావం గలదవుతుంది. నిద్రపోవడానికి, తినడానికి ఎవరూ భంగం కలిగించని ఒక మూల దానికి ఉండాలి. ఎండాకాలం చల్లని చోటు, ఎల్లవేళలా మంచినీరు కావాలి. దీపావళి టపాసులకు బెదిరిన కుక్కను వరండాలో కట్టివేయకుండా లోపలి గదిలో ఉంచాలి. ఇన్నాళ్లూ సౌమ్యంగా ఉన్న కుక్క అకస్మాత్తుగా కసురుకుంటున్నదంటే పన్ను నొప్పో, చెవి బాధో, కీళ్ల నొప్పో ఉండవచ్చు. కొట్టడం మాని పశువైద్యునికి చూపించాలి.

పిల్లలకు నేర్పవలసిన నియమాలు కూడా కొద్దిపాటివే. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న కుక్కను ముట్టుకోరాదు. ఇతరుల కుక్కను యజమానిని అడిగిన తరువాతనే తాకాలి. కౌగిలించుకోవడం, ముఖం మీద ముఖం పెట్టడం, కళ్లలోకి తదేకంగా చూడడం కూడదు. కొత్త కుక్క దగ్గరకు వస్తే పరుగెత్తక, చేతులు దగ్గరకు పెట్టుకొని, చెట్టులా కదలకుండా నిలబడాలి. క్రింద పడిపోతే ముడుచుకొని, పిడికిళ్లతో చెవులు, మెడ కప్పుకోవాలి. చిన్న గీత పడినా దాచకుండా ఇంట్లో చెప్పాలి. తిడతారన్న భయంతో పిల్లలు దాచిపెట్టే గీతే అన్నింటికంటె ప్రమాదకరమైనది.

అన్నింటికీ మించిన నియమం పెద్దలది. ఎంత మంచి కుక్క అయినా, ఎంత బుద్ధిమంతుడైన పిల్లవాడైనా, చిన్న పిల్లలను కుక్కతో ఒంటరిగా విడిచిపెట్టరాదు. ఆ మధ్యాహ్నం మేము నలుగురు పెద్దలం ఇంట్లో ఉన్నాము. నలుగురమూ నిద్రపోతున్నాము.

టఫీ మరి పదేళ్లు మా ఇంట్లో జీవించి, ముసలిదై కన్నుమూసింది. ఆ తరువాత అది ఎవరినీ కరవలేదు. దాని స్వభావం మారినందువల్ల కాదు, మేము మారినందువల్ల. ఆనాటి పిల్లవాడు ఇప్పుడు ఒక బిడ్డకు తండ్రి. కంటి క్రింద సన్నని గీత ఇంకా ఉన్నది. కిందటి సంవత్సరం మా ఇంటికి వచ్చినప్పుడు, తమ ఇంట్లో లాబ్రడార్ కూనను తెచ్చుకున్నామని చెప్పాడు. నేను ఏమీ అనకముందే, “బాబాయిగారూ, టీకా కార్డు ఫ్రిజ్ తలుపు మీదే అంటించాను” అన్నాడు.

మన గేటు దగ్గర సందేహిస్తూ నిలబడిన అతిథితో “రండి, మా కుక్క కరవదండీ” అనడం మనందరికీ అలవాటు. ఇకమీదట “ఒక్క నిమిషం ఆగండి, కుక్కను లోపల కట్టి వస్తాను” అందాము. ఆ ఒక్క నిమిషం అతిథికీ క్షేమం, మన కుక్కకూ క్షేమం.